పసుపు ముక్కోణం

కాలిఫోర్నియా నుంచి కాగితాల చుట్ట వచ్చింది.
వేలెడంత స్టిక్కర్లు, నాలుగు వేలు.
ఒక్కోదాని మీద పసుపు ముక్కోణం,
దాని కడుపులో నిటారుగా ఒక గీత, గీత కింద చుక్క.
చదువు రాని నా కంటికి అది
మేకల దారికి అడ్డంగా పాతిన కర్ర:
ఇటు రావద్దు.

మా పని డబ్బాలకు మూతలు బిగించడం.
మూలూయా లోయలో కొండ కిందికి దూరి
మగవాళ్లు దీపాల వెలుగులో తవ్వుకొచ్చే గసూల్ మట్టి.
ఎండితే పెంకు, తడిస్తే వెన్న.
మా అమ్మ నా తల దీంతోనే రుద్దింది.
పెళ్లికి ముందురోజు హమామ్‌లో
గులాబీనీళ్లు కలిపి ఏడుగురు ఆడవాళ్లు ఒళ్లంతా మెత్తారు.
అమ్మ పోయిన పొద్దున
ఆమె జుట్టు నేను దీంతోనే కడిగాను.

హమ్మూ ఇంగ్లీషు చదివి మా మాటలోకి మారుస్తూ
మధ్యలో ఆగి గొంతు సవరించుకున్నాడు.
"ఇందులో సీసం ఉంది, అని రాశారు."
సీసమా?
తూటాల్లో పోసే సీసమా?
ఇజ్జా చేతిలో మూత జారి
దొర్లి దొర్లి గుమ్మం దగ్గర పడుకుంది.
"మనమేం కలిపాం? ఎవరు కలిపారు?"

ఎవరూ కలపలేదట.
కొండే తెచ్చుకుందట, మనమెవరం లేని కాలంలో.
పెళ్లికూతురు ఎంత దూరం వెళ్లినా
పుట్టింటి యాస వెంట తెచ్చుకున్నట్టు.
ఎంత ఉంది అంటే
పది లక్షల పాళ్లలో కాసిని పాళ్లు అన్నాడు.
పది లక్షలు నేను దేన్నీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
నా మేకలు పదకొండు.

కోపమొచ్చింది, దాచుకోను.
తవ్వే చేతులకు లేని భయం
కొనుక్కునే బుగ్గలకా?
ఆ రోజు రెండు వందల డబ్బాలకు
స్టిక్కర్లు వంకరగా అంటించాను. కావాలనే.

సాయంత్రం అద్దాలు తుడుచుకుని
కింద చీమల్లా ఉన్న అక్షరాలు కూడా చదివాడు హమ్మూ.
ఒంటికి మాత్రమే, నోట్లో పెట్టుకోకండి.
పొడి లేపకండి, పీల్చకండి.
పిల్లలకు అందనివ్వకండి.
కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరుని అడగండి.

అక్కడ ఆగింది నా కోపం.
తూడా గుర్తొచ్చి.
నా కోడలు. ఆరో నెల.
వాన పడ్డ నేల రుచి కావాలంటూ
తలగుడ్డ మడతలో పెంకు దాచుకుని
ఎవరూ చూడనప్పుడు చప్పరిస్తుంది.
నేను చూశాను. నవ్వాను కూడా.
నేను తినలేదా, మా అమ్మ తినలేదా, ఏమైంది, అని.

ఏమైంది.
నా రెండోవాడు
నాలుగేళ్లు నిండితే గానీ "అమ్మా" అనలేదు.
మట్టి వల్ల అని ఎవరూ చెప్పలేదు.
మట్టి వల్ల కాదనీ ఎవరూ చెప్పలేదు.
అప్పట్లో దేని మీదా ఏమీ రాసి ఉండేది కాదు.

చుట్టలోంచి రెండు స్టిక్కర్లు చింపి
గౌను జేబులో వేసుకున్నాను. దొంగతనమే.
ఒకటి మా ఇంటి మట్టిజాడీకి.
తూడా దాన్ని గోటితో తడిమి, ఏమిటిది అత్తా, అంది.
తలకు సరే, నాలుకకు వద్దు, అన్నాను.
ఎందుకని అడిగితే
నాకూ నిన్ననే తెలిసింది, అన్నాను.
దాని గుప్పిట్లో ఎండు అత్తిపళ్లు పోశాను.
అలిగింది. తిన్నది.

మర్నాడు ఆ రెండు వందల డబ్బాలూ ముందేసుకుని
గీకి తీసి, తిన్నగా అంటించాను.
ఏ ఊళ్లోనో, ఏ స్నానాలగదిలోనో
తూడా వయసు పిల్ల చదువుకుంటుందేమో.
మూడు చిరిగాయి. వాటి డబ్బు నా కూలిలో కోసుకున్నారు.

రెండో స్టిక్కరు
గని నోటి దగ్గర దూలానికి అంటించాను.
జిగురు ఎన్నాళ్లుంటుందో తెలీదు.
నా పెద్దవాడు వంగి దూరుతూ దాన్ని చూసి నవ్వాడు.
తలపాగా కొస ముక్కుకి చుట్టుకున్నాడో లేదో
చీకట్లో కనబడలేదు.